పొద్దున చెడ్డిల్లు, సాయంత్రం మంచిల్లు

గురజాలలో ఇమాం సాహెబంటే ఆయిలింజన్లకు డాక్టరు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఇంజను దగ్గినా, మొరాయించినా బండిలో వేసుకుని ఆయన షెడ్డుకే తెచ్చేవాళ్ళు. చేతినిండా పని ఉన్న ఆ రోజుల్లో, డెబ్భై ఆరులో, ఆయన తాను ఉంటున్న ఇంటిని తనఖా బ్యాంకుకు రాసిచ్చి పదిహేను వేలు తెచ్చి లేతు మిషను కొన్నాడు. రెండేళ్ళలో బాకీ తీర్చేసి కాగితాలు వెనక్కి తెచ్చుకుంటానని బజారంతా చెప్పాడు. చెప్పకుండా ఉన్నా బాగుండేది. సాగరు కాలువ నీళ్ళు ఒక్కో పొలానికీ పారుతూ వచ్చాయి, కాలువ అందని చోటికి కరెంటు మోటార్లు వచ్చాయి. ఇంజన్లన్నిటికీ ఒక్కసారే ఆరోగ్యం కుదిరిపోయినట్టు ఆయన షెడ్డుకు రావడం మానేశాయి.

ఇంజన్లు మానేసినా లేతు మానలేదు. రాళ్ళ మిల్లుల షాఫ్టులు, బండి ఇరుసులు, మోటారు బుష్షులు దాని మీద తిప్పి ఇమాం సాహెబ్, ఆయన భార్య పీరాంబీ ఇంత తింటున్నారు. వడ్డీ మాత్రం వాళ్ళిద్దరికంటే బాగా తిని బలిసింది. ఎనభై నాలుగు నాటికి బాకీ ముప్పై నాలుగు వేల ఆరువందలైంది. ఇల్లు అమ్మితే ఇరవై రెండు వేలు వస్తే గొప్ప.

ఆ మాటే చెప్పుకుందామని ఇమాం సాహెబ్ నరసరావుపేట వెళ్ళి బ్యాంకు మేనేజరు బల్ల ముందు నిలబడ్డాడు.

"వేలం వేస్తే దండోరా కొట్టించాలి," అన్నాడు మేనేజరు. "వచ్చింది చాలకపోతే నీ లేతు మిషను కూడా పట్టుకుపోవాలి. అది రూలు. దానికంటే నువ్వే పార్టీని చూసుకుని ఇల్లు అమ్ముకో. అమ్మిన సొమ్ము మొత్తం మాకు కట్టు, మిగతా బాకీ రద్దు చేయమని అర్జీ పెట్టు. బోర్డుకు పంపిస్తాను."

"రద్దు చేస్తరా అయ్యా?"

"చేస్తారు. రెండు షరతులు. అమ్మకం ఇరవై వేలకు తగ్గకూడదు. రెండోది, నువ్వు అమ్మే ధర కంటే ఇల్లు ఎక్కువ చేయదని మా ఫీల్డ్ ఆఫీసరు స్వయంగా చూసి రాయాలి. ఎక్కువ చేస్తుందని రాశాడా, ఇక వేలమే."

ఇమాం సాహెబ్ బస్సులో కూర్చుని ఇంటికొచ్చేదాకా ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. బ్యాంకువాడి కంటికి ఇల్లు చెడ్డగా కనబడాలి. కొనేవాడి కంటికి మంచిగా కనబడాలి. తనకున్నది ఒక్కటే ఇల్లు. ఇల్లు పోతే పోయింది, లేతు పోతే మాత్రం యాభై మూడేళ్ళ వయసులో ఎవరి షెడ్డులోనో స్పానర్లు అందించుకుంటూ బతకాలి.

పీరాంబీ అంతా విని మూతి తిప్పింది. "పేరులోనే చెప్పుకున్నాడు గదయ్యా, తనఖా బ్యాంకని. ఇల్లు నాకా, తనకా అంటే తనకే అంటాడు. నువ్వేమో ఎనిమిదేళ్ళ నుంచి నాకే అనుకుంటన్నావ్."

కొనేవాణ్ణి బ్రోకరు సుబ్బారావు కుదిర్చాడు. పెదకోటయ్య అని మాచర్ల వైపు నాపరాళ్ళ కాంట్రాక్టరట. ఇల్లు నచ్చితే ఇరవై రెండుకు ఖాయం చేసుకుంటాడట. గురువారం సాయంత్రం నాలుగింటికి ఇల్లు చూడ్డానికి వస్తాడని చెప్పి, తనకు దాచేపల్లిలో పెళ్ళి ఉందని సుబ్బారావు వెళ్ళిపోయాడు. మర్నాడే బ్యాంకు నుంచి కార్డు వచ్చింది. ఫీల్డ్ ఆఫీసరు గోపాలకృష్ణయ్యగారు అదే గురువారం ఉదయం పది గంటలకు తనిఖీకి వస్తారని రాసి ఉంది. ఈ ఇద్దరిలో ఒక్కడి మొహం కూడా ఇమాం సాహెబ్ చూసి ఎరగడు.

"మంచిదే," అన్నాడు. "పది గంటలకు చెడ్డిల్లు, నాలుగింటికి మంచిల్లు. మధ్యలో ఆరు గంటలు టైముంది."

గురువారం తెల్లవారగానే చెడ్డింటి పని మొదలైంది. ఇమాం సాహెబ్ నిచ్చెన వేసుకుని కప్పు మీద నాలుగు పెంకులు పక్కకు జరిపాడు. మంచం మీద సరిగ్గా దిండు పెట్టుకునే చోట ఎండ పడింది. పక్కింటి సుబ్బరత్నం తన రెండు మేకల్ని తెచ్చి ముందు గదిలో కట్టేసింది. "ఆఫీసరెళ్ళేదాకా ఉంచు అన్నా. ఇయ్యి ఉంటే నా ఇల్లే నాకు చెడ్డగుంటది, నీదెంత," అని ధైర్యం చెప్పింది. మేకలు కూడా వచ్చిన పని తెలిసినట్టు వెంటనే మొదలుపెట్టాయి.

సరిగ్గా పదింటికి వాకిట్లో ఒక మనిషి నిలబడ్డాడు. బిస్కెట్ రంగు సఫారీ సూటు, జేబులో రెండు పెన్నులు, చంకలో రెగ్జిన్ సంచి.

"ఇమాం సాహెబ్ ఇల్లిదేనా? ఇల్లు చూడ్డానికొచ్చా."

"రండయ్యా, మీకోసమే చూస్తన్నా," అన్నాడు ఇమాం సాహెబ్. ఆ సూటు చూస్తేనే చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. వచ్చినాయన సంచిలోంచి టేపు తీసి ముందు గది పొడుగు, వెడల్పు కొలిచాడు, మేకను కాలితో జరిపి మూల దాకా కొలిచాడు, చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఇంత శ్రద్ధగా కొలిచేవాడు ఆఫీసరు కాక ఇంకెవడవుతాడు?

ఇమాం సాహెబ్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "దాపరికమెందుకయ్యా, ఈ కప్పు కురిసిద్ది. మంచం యాడ జరిపితే ఆడికి వచ్చి కురిసిద్ది. వంటింట్లోంచి పొగ బయటికి పోదు, మా ఆడమనిషి కళ్ళు చింతనిప్పులే. బాయి నీళ్ళు పేరుకే నీళ్ళు, ఆ నీళ్ళతో పప్పు ఉడకదు. బజారు కుళాయి దాకా పోయి బిందె తెచ్చుకోవాలి. ఎనక గోడకి చెమ్మ, ఆ గోడకి గుడ్డలు తగిలిస్తే బూజు పట్టుద్ది. ఇంకా…"

వచ్చినాయన వంటింట్లోకి వెళ్ళబోతూ గుమ్మం పైకమ్మికి ఠంగున తల కొట్టుకున్నాడు.

"చూశారా అయ్యా, నేను చెప్పేలోపే అదే చెప్పింది," అన్నాడు ఇమాం సాహెబ్.

ఒక్కో లోపం చెబుతుంటే ఆ మనిషి మొహం విచ్చుకుంటోంది. బొప్పి కట్టిన నుదురు రుద్దుకుంటూ కూడా నవ్వుతున్నాడు. బీదవాడి కష్టం తెలిసిన ఆఫీసరని ఇమాం సాహెబుకు కళ్ళు చెమర్చాయి.

"మరి ఎంత చేసిద్దంటావ్?" అని అడిగాడాయన.

"ఇరవై రెండు చేస్తే మా గొప్పయ్యా. అంతకు మించి మాత్రం పైసా చెయ్యదు."

"నువ్వు చెప్పినయ్యన్నీ చూస్తే అంత కూడా చెయ్యదు," అన్నాడాయన టేపు చుట్టుకుంటూ. "నిజం చెప్పేవాడివి, నిన్ను చూస్తే ముచ్చటేస్తంది. ఊళ్ళో ఇంకో పనుంది, ఐదింటికి మళ్ళా వస్తా. అప్పుడు మాట ఖాయం చేద్దాం."

ఐదింటికి మళ్ళీ రావడం ఎందుకో ఇమాం సాహెబుకు అర్థం కాలేదు. ఆఫీసరును ఎందుకని అడగలేక చేతులు జోడించి పంపించాడు. అంటే నాలుగింటికి వచ్చే పెదకోటయ్యను ఐదు లోపల సాగనంపాలి. వెనక్కి తిరిగేసరికి వంటింటి గుమ్మంలో పీరాంబీ నిలబడి ఉంది. ఆమె మొహంలో ముచ్చట లేదు.

"కప్పు కురిసిద్దా?" అంది.

"ఆఫీసరు కోసం అన్నా గదే."

"పొగ, చెమ్మ, పప్పు ఉడకని నీళ్ళు. ఒక్కటి మర్చిపోలేదు. ముప్పై ఏళ్ళ నుంచి ఇయ్యే నేను చెబుతుంటే ఆకాశం వైపు చూస్తంటివి. ఇనపడదేమో పాపం అనుకున్నా. అన్నీ ఇన్నావన్నమాట."

"చెవులున్నయ్ గదే."

"చెవులుంటే, చేతులు యాడికి పోయినయ్?"

ఇమాం సాహెబ్ నిచ్చెన ఎక్కి పెంకులు సర్దడం మొదలుపెట్టాడు. సుబ్బరత్నం మేకల్ని విప్పుకుపోయింది, వాటి వెనక అరగంట సేపు పీరాంబీ చీపురు పట్టుకుని ఒంగింది. తర్వాత సున్నంలో నీలిమందు కలిపి ముందు గదికి ఇద్దరూ చెరో పక్క నుంచి వెల్ల వేశారు. మాట్లాడుకోకుండా వేయడం వల్ల పని తొందరగా అయింది. మూడున్నరకల్లా ముందు గది పెళ్ళివారిల్లులా ఉంది. ఇమాం సాహెబ్ కూడా కొంత వెల్ల పడి అలాగే ఉన్నాడు.

నాలుగూ పది అవుతుండగా వాకిట్లో ఇంకో మనిషి నిలబడ్డాడు. ముతక పంచె, లాల్చీ, గొడుగు, గుడ్డ సంచి. మోకాళ్ళ దాకా దుమ్ము.

"ఇమాం సాహెబుగారి ఇల్లు ఇదేనా అండీ? ఇల్లు చూడడానికి వచ్చాను. పొద్దున్నే రావలసింది. కారంపూడి దగ్గర బస్సు టైరు పోయింది."

"పొద్దున రాకపోవడమే మంచిదైందయ్యా," అన్నాడు ఇమాం సాహెబ్ మనస్ఫూర్తిగా. పంచె చూసి రైతుబిడ్డ అనుకున్నాడు, దుమ్ము చూసి రాళ్ళ దుమ్మనుకున్నాడు. నాలుగింటికి రావలసినవాడు పొద్దున్నే ఎందుకు బయల్దేరాడన్న అనుమానం ఒకటి గడప దాకా వచ్చింది గాని, రాళ్ళ వ్యాపారులు నాలుగు ఊళ్ళు తిరుగుతారులే అని దాన్ని అక్కడి నుంచే పంపించేశాడు.

లోపలికి తీసుకెళ్ళి పొగడబోతే మాత్రం నోరు తిరగలేదు. పొద్దుటి నుంచి ఒకే దారిలో నడిచిన నాలుక అదే దారి పట్టింది. "ఇది ముందు గదయ్యా, ఇక్కడ కురి… కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. అది ఎనక గోడ, దానికి చెమ్మ… చెమటే పట్టదయ్యా ఈ ఇంట్లో…"

పీరాంబీ ఇక చూడలేకపోయింది. కొంగు తల మీదికి లాక్కుని ముందుకొచ్చింది.

"ఆయనకు మిషన్లు తెలుసు గాని ఇల్లేం తెలుసు, నేను చెబుతా ఇనండయ్యా. ఈ నాపరాళ్ళ నేల మీద ఎండాకాలం ఊరికే పడుకుంటే చాలు, దుప్పటి కావాలి. తూర్పు కిటికీలోంచి వచ్చే గాలికి ఉయ్యాల్లో పిల్లోడు ఊపకుండానే నిద్రపోయేవాడు. మా పెద్దోడట్టానే పెరిగాడు. బాయి ముప్పై ఏళ్ళలో ఒక్కసారి ఎండలేదు. బజారంతా ఎండినప్పుడు మా తాడే నడిచింది. ఇరుగుపొరుగు బంగారం. నాకు జొరమొస్తే మా సుబ్బరత్నం మూడు రోజులు ఈ పొయ్యి మీదే వండిపెట్టింది."

ఇమాం సాహెబ్ భార్య వైపు నోరు తెరుచుకుని చూశాడు. ఈ ఇంటిని ఆమె తిట్టడం తప్ప పొగడడం ఆయన ఎన్నడూ వినలేదు. కొనేవాడి కోసం కల్పించి చెబుతోందా అంటే, ఒక్క ముక్క కూడా కల్పన కాదు.

పంచె మనిషి శ్రద్ధగా విని సంచిలోంచి కాగితం తీశాడు. "మరి ఎంత చేస్తుందంటారమ్మా?"

"ముప్పైకి రూపాయి తగ్గదు," అంది పీరాంబీ. ఆమెకు ఊపొచ్చేసింది. "ఇరవై రెండుకు ఇస్తన్నామంటే అది మీ అదృష్టం."

"నా అదృష్టం ఏముందమ్మా ఇందులో? ముప్పై అని రాస్తాను."

"రాయడమెందుకయ్యా?" అన్నాడు ఇమాం సాహెబ్.

"రాయకపోతే మా మేనేజరు ఊరుకుంటారా? బ్యాంకు నుంచి నన్ను పంపించిందే అందుకు గదా."

ఇమాం సాహెబ్ అక్కడున్న మంచం మీద నెమ్మదిగా కూర్చున్నాడు. ఈయన గోపాలకృష్ణయ్య. మరి పొద్దున మేకల మధ్య టేపు పట్టుకుని కొలిచిందెవరు? జవాబు కోసం ఎక్కువసేపు ఆగనక్కర్లేకపోయింది. అప్పటికి ఇంకా నాలుగూ ముప్పావే, అయినా వాకిట్లో సఫారీ సూటు కనబడింది. ఈసారి గుమ్మం దగ్గర తల వంచి మరీ లోపలికొచ్చింది.

"సాయంత్రం వర్జ్యమున్నదని పొద్దున్నే వచ్చి చూసుకుపోయినా," అన్నాడు పెదకోటయ్య. "వర్జ్యం ఎళ్ళిపోయింది గాబట్టి ఇప్పుడు మాట్లాడుకుందాం. సాయిబూ, నువ్వు చెప్పినయ్యన్నీ లెక్కేశా. పదహారు వేలిస్తా."

"పదహారు వేలా?" అన్నాడు గోపాలకృష్ణయ్య, తన కాగితం వైపు చూసుకుని. "మీరెవరండీ?"

"కొనేవాణ్ణి. నువ్వెవరు?"

"బ్యాంకువాణ్ణి. ముప్పై వేల ఇంటిని పదహారుకు అడుగుతున్నారేమిటి?"

పదహారంటే బోర్డు ఒప్పుకోదు. ముప్పై అంటే వేలం. రెండు చోట్లా లేతు మిషను బండెక్కి నరసరావుపేట పోవడమే. ఇమాం సాహెబ్ ఏదో చెప్పాలని నోరు తెరిచాడు గాని, ఎవరికి ఏం చెప్పాలో తెలియక మూసేశాడు. మూయడమే మంచిదైంది, ఎందుకంటే ఆ ఇద్దరికీ ఆయన అక్కర్లేకపోయింది.

"కప్పు కురిసిద్ది," అన్నాడు పెదకోటయ్య. "వానాకాలం గొడుగేసుకుని పడుకోవాల."

"ఎండాకాలం దుప్పటి కప్పుకుని పడుకోవచ్చట," అన్నాడు గోపాలకృష్ణయ్య. "అదెందుకు చెప్పరు?"

"బాయి నీళ్ళతో పప్పు ఉడకదు."

"బజారంతా ఎండిపోయినప్పుడు ఈ బావే గతి అట. పప్పు ఉడకని నీళ్ళయినా ఉన్న నీళ్ళే గదా. ఇరవై ఎనిమిది."

"పొగ పోదు. పదిహేడు."

"గాలి ఆగదు. ఇరవై ఆరు."

"గుమ్మానికి తల తగిలిద్ది. ఇదిగో బొప్పి."

"వంగి వెళ్ళాలి. మీరు నిటారుగా వెళితే ఇల్లేం చేస్తుంది?"

గోపాలకృష్ణయ్య పంచె ఎగగట్టి బేరంలోకి దిగాడు. ఇరవై ఏళ్ళుగా బ్యాంకు తరఫున ఇళ్ళు చూడడమే గాని, ఇంటి కోసం పోట్లాడే అవకాశం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు కాబోలు. కిటికీ దగ్గరికి వెళ్ళి గాలి చూపించాడు. పెదకోటయ్య ఆయన్ని చెయ్యి పట్టుకుని వెనక గోడ దగ్గరికి లాక్కెళ్ళి చెమ్మ చూపించాడు. చప్పుడు విని సుబ్బరత్నం గోడ మీంచి తొంగి చూస్తే, "ఇరుగుపొరుగు కూడా బంగారమే, చూడండి," అని ఆమెను కూడా బేరంలో వేసుకున్నాడు ఆఫీసరు. బంగారం అన్నారు గదా అని సుబ్బరత్నం కొంగు సర్దుకుంది.

చివరికి ఇద్దరూ గసపోసుకుంటూ వచ్చి ఇమాం సాహెబ్ ముందు నిలబడ్డారు.

"సాయిబూ, నువ్వు చెప్పు. నాకు చెప్పింది నిజమా, ఈయనకు చెప్పింది నిజమా?" అన్నాడు పెదకోటయ్య.

ఇమాం సాహెబ్ పీరాంబీ వైపు చూశాడు. ఆమె నేల వైపు చూస్తోంది. అబద్ధమాడే ఓపిక ఆయనకు అప్పటికి పూర్తిగా అయిపోయింది.

"రెండూ నిజమేనయ్యా. ముప్పై ఏళ్ళున్నాం. రెండూ లేకపోతే అదేం ఇల్లు."

పెదకోటయ్య నుదుటి బొప్పి తడుముకున్నాడు. "నాకు ఇంటితో పనిలేదు గాని, రోడ్డు పక్కన స్థలం కావాల, నాపరాళ్ళు దింపుకోను. ఇరవై ఒకటిన్నర. ఇంక పైసా అడిగితే సంచి తీసుకుని పోతా."

గోపాలకృష్ణయ్య అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చుని ముప్పైని కొట్టేసి రాసుకున్నాడు. పైకి చదివి వినిపించాడు కూడా. ఇల్లు పాతది, కురుస్తుంది, గాలి బాగా వస్తుంది. కొనుగోలుదారు పదహారు వేలే ఇస్తానంటే తాను స్వయంగా బేరమాడి ఇరవై ఒక్క వేల ఐదు వందలకు పెంచానని, ఇంతకు మించి ఎవరూ ఇవ్వరని, మిగతా పదమూడు వేల నూరు రద్దు చేయవచ్చునని. 'తాను స్వయంగా' అన్న చోట రెండుసార్లు గీత గీశాడు.

"ఐదున్నర వేలు పెంచాను సాయిబుగారూ," అన్నాడు వెళ్తూ వెళ్తూ, గొడుగు భుజాన వేసుకుని. "నా సర్వీసులో ఇంత పెంచడం ఇదే మొదలు. బోర్డువాళ్ళు కాదంటే నేనే వెళ్ళి మాట్లాడతాను."

కాదనలేదు. ఇరవై రోజులకు కాగితం వచ్చింది, పెదకోటయ్య డబ్బు తెచ్చి బ్యాంకులో కట్టాడు, బాకీ రద్దయిందని ముద్ర పడింది. ఇమాం సాహెబ్ ఆ కాగితం పట్టుకుని నేరుగా షెడ్డుకు వెళ్ళి లేతు మిషను మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. సంతోషంగానే ఉంది. పూర్తిగా సంతోషంగా ఉందా అంటే, ఇంటి వైపు వెళ్ళడానికి కాళ్ళు రావడం లేదు.

ఇంట్లో పీరాంబీ సామాను మూటలు కడుతోంది. ఇక ఉండవలసింది షెడ్డు వెనక ఉన్న రేకుల గదిలోనే. పనివాళ్ళు పనిముట్లు పడేసే ఆ గదిలో ఆమె ఎప్పుడూ అడుగు పెట్టలేదు.

"ఆ గది ఎట్టుంటది?" అని అడిగింది, తలెత్తకుండానే.

ఇమాం సాహెబ్ గుమ్మంలో ఆగిపోయాడు. బాగుంటదని చెప్పబోయాడు, బాగుండదని చెప్పబోయాడు. "ఎవరికి చెప్పినట్టు చెప్పమంటావే? కొనేవాడికా, బ్యాంకోడికా?"

"ఉండేదానికి చెప్పు," అంది పీరాంబీ.

ఆయన వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"రెండు చోట్ల కురిసిద్ది," అన్నాడు. "పొగ పోయే దారి లేదు. నిచ్చెన ముందే పంపించా. నువ్వు మూటలు కట్టేలోపు పోయి రేకులు సర్దొస్తా."

పీరాంబీ మూట కట్టడం ఆపి ఆయన చేతుల వైపు చూసింది.

"నిదానంగా సర్దు," అంది. "నేను రేపొస్తా."